పక్క పేరు

ఆ స్మార్ట్ బోర్డు ఫెర్రీ దిగిన రోజున సూష్నిక్ దీవి బడిలో చదువుతున్నది ఒక్క పిల్ల. పేరు ఫ్రాంకా, మూడో తరగతి. చదువు చెప్పేది నెదెల్కా టీచర్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమే చెబుతోంది. కొండల అవతలి ఊరి నుంచి ఇరవయ్యేడో ఏట ఈ దీవికి వచ్చి, ఇక్కడి పడవ మెకానిక్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయన పోయాక కూడా బడి మీది రెండు గదుల్లోనే ఉండిపోయింది. ఆమె వచ్చిన కొత్తల్లో పద్దెనిమిది మంది పిల్లలుండేవారు. తర్వాత పదకొండు, ఆరు, ముగ్గురు. నిరుడు వేసవిలో చివరి అన్నదమ్ములిద్దరూ తల్లిదండ్రులతో పట్నానికి మారిపోయారు. ఫ్రాంకా మిగిలింది.

దూరపు బడులన్నిటికీ స్మార్ట్ బోర్డులు ఇస్తున్నామని రాజధాని జాగ్రెబ్ నుంచి సర్క్యులర్ వచ్చినప్పుడు నెదెల్కా దాన్ని చదివి ఫైల్లో పెట్టి మరిచిపోయింది. సెప్టెంబరు చివర్లో నిజంగానే వచ్చింది. గోడలో సగమంత బోర్డు, దానికో కెమెరా, మైకు, రెండు ట్యాబ్‌లు. బిగించడానికి వచ్చినతను మధ్యాహ్నం ఫెర్రీ అందుకోవాలన్న తొందరలో నలభై నిమిషాల్లో అంతా చెప్పేశాడు. వేలితో తాకితే రాస్తుంది, అరచేత్తో రుద్దితే చెరుపుతుంది, ఇక్కడ నొక్కితే అవతలి బడి కనబడుతుంది. నెదెల్కా నోటు పుస్తకంలో పదిహేడు అంశాలుగా రాసుకుంది. అతను వెళ్ళాక చూసుకుంటే పదకొండోది ఏమిటో ఆమెకే అర్థం కాలేదు.

ఫ్రాంకాకు నోటు పుస్తకం అవసరం రాలేదు. బోర్డు సగం వరకే చెయ్యి అందుతుందని వాళ్ళ నాన్న పనిచేసే చేపల పెంపకం దగ్గర నుంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చి బోర్లించుకుంది. దాని మీద నిలబడి మొదటి వారంలోనే పటాలు తిప్పడం, మాటలు జరిపి వాక్యాలు కట్టడం, రెండు గ్లాసుల నీళ్ళు పోల్చి భిన్నాలు చేయడం నేర్చేసింది. ఆటల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక చిక్కు. సగం ఆటలకు ఇద్దరు ఉండాలి. బోర్డు మధ్యలో గీత పడి, ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు ఆడాలి. కుడివైపు నెదెల్కా నిలబడేది. కళ్ళజోడు సర్దుకుంటూ, మోకాలి నొప్పికి బరువును మరో కాలి మీదికి మార్చుకుంటూ, ఎక్కాల్లో ఎనిమిదేళ్ళ పిల్లతో పోటీపడేది. కొన్నిసార్లు నిజంగానే ఓడేది. ఎక్కువసార్లు కావాలనే ఓడేది.

బడి ఒంటిగంటకు అయిపోతుంది. ఫ్రాంకా సంచి తగిలించుకుని దిగుడు దారిన వెళ్ళిపోయాక, నెదెల్కాకు మర్నాడు ఎనిమిదింటి దాకా ఎవరితోనూ పెద్దగా మాటలుండవు. కొట్లో రొట్టె కొన్నప్పుడు రెండు మాటలు. చలికాలంలో వారానికి మూడుసార్లే వచ్చే ఫెర్రీ దగ్గర నాలుగు మాటలు. ఆ శరత్కాలంలో ఆమె మధ్యాహ్నాలు కిందికి దిగి, బోర్డు పెట్టుకుని, మర్నాటి పాఠం తయారు చేస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది. అంత తయారీ ఒక్క పిల్లకు అక్కర్లేదని ఆమెకూ తెలుసు.

అక్టోబరు నుంచి మంగళవారం, గురువారం పట్నం బడి మూడో తరగతి వాళ్ళు బోర్డు మీదికి వచ్చేవారు. ఇరవై రెండు మంది. వాళ్ళ టీచర్ రెనాటా చిన్న వయసుది, చురుకైనది, ఎప్పుడూ పది నిమిషాలు వెనకబడినట్టు మాట్లాడేది. మొదటి రోజున పిల్లలు ఎగబడి ప్రశ్నలడిగారు. మీ దీవిలో కుక్కలున్నాయా, బడికి పడవలో వెళ్తావా, తుఫాను వస్తే ఏం తింటారు, నీకు జ్వరమొస్తే బడి మొత్తానికి సెలవేనా. ఆ చివరి ప్రశ్నకు ఫ్రాంకా చాలా గంభీరంగా, "అవును, కానీ నాకు జ్వరం రాదు" అంది. అవతల తరగతంతా నవ్వింది. ఫ్రాంకా తన వెనక ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు ఒకసారి తిరిగి చూసి, తర్వాత తనూ నవ్వింది.

మూడు వారాల్లో ప్రశ్నలు అయిపోయాయి. వాళ్ళ తరగతి గోడ మీద ఫ్రాంకా ఒక మూలన చిన్న చతురస్రమై మిగిలింది. రెనాటా పాఠం చెబుతూ చెబుతూ గుర్తొచ్చినప్పుడు, "ఫ్రాంకా, వినబడుతోందా?" అనేది. వినబడుతోందని ఫ్రాంకా చెప్పేలోగా అక్కడ ఇంకెవరో పెన్సిలు పోయిందని లేచేవారు.

గంట చివర పది నిమిషాలు క్విజ్. బోర్డు మీద ప్రశ్న, ట్యాబ్‌లో నాలుగు జవాబులు. ఇరవై సెకన్ల గడువు. ఒక్కో ప్రశ్న తర్వాత పేర్ల పట్టిక వచ్చేది. మొదటి ముగ్గురి పేర్లు పైన మూడు మెట్ల మీద కిరీటాలతో, మిగతావి కింద వరసగా. మొదట్లో పై మెట్టు మీద ఎప్పుడూ ఫ్రాంకాయే. అల్లరీ గొడవా లేని గదిలో, ఒక్కతే కూర్చుని, ఎక్కాలన్నీ నోటికొచ్చిన పిల్ల మరి. రెండు మూడు సార్లు చప్పట్లు కొట్టారు. నాలుగోసారి ఎవరో వెనక బెంచీ నుంచి, "దానికి పక్కనే టీచరుంది, చెప్పేస్తోంది" అన్నాడు. కొందరు నవ్వారు. నెదెల్కాకు ఒళ్ళు మండింది. కెమెరా తిప్పి, తాను కిటికీ దగ్గర నిలబడి ఉన్నానని అందరికీ చూపించింది. రెనాటా క్షమించమంది.

నవంబరులో ఆ పేరు దిగడం మొదలైంది. నాలుగు, ఏడు, తొమ్మిది. ఒకసారి పదకొండు. నెదెల్కా కంగారుపడింది. ఇన్నేళ్ళలో ఏ పిల్లనైనా కళ్ళెదుటే ఇలా జారిపోనిచ్చిందా అని తన్ను తానే తిట్టుకుంది. పిల్లకు చూపు మందగించిందేమోనని తల్లి సిల్వానాకు చెప్పింది. నెలకోసారి వచ్చే వైద్యనౌకలో చూపిస్తే కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. కాగితం మీద లెక్కలిస్తే ఒక్క తప్పు లేకుండా చేసేది. ట్యాబ్ పాడైందేమోనని రెండోది ఇచ్చి చూసింది. తొమ్మిదో స్థానమే వచ్చింది.

డిసెంబరు మొదట్లో దక్షిణపు గాలి పట్టుకుంది. మూడు రోజులు ఫెర్రీ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం నెదెల్కా కింద గదిలో కూర్చుని ఇన్‌స్పెక్టర్‌కు పంపాల్సిన రిపోర్టు తీస్తోంది. బోర్డే అంతా లెక్కగట్టి ఇస్తుంది, మనం పంపడమే పని. ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కితే ఇంతకుముందు చూడని పేజీ తెరుచుకుంది. ప్రతి ప్రశ్నకూ పిల్ల ట్యాబ్ మీద వేలు ఎప్పుడు పెట్టింది, దేని మీద పెట్టింది అన్నీ అందులో ఉన్నాయి.

ఏడెనిమిదులు ఎంత అన్న ప్రశ్న దగ్గర రెండో సెకనులో యాభై ఆరు అని ఉంది. దాని కింద, పద్దెనిమిదో సెకనులో, యాభై నాలుగు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. మరో ప్రశ్న. ఒకటిన్నర సెకనులో సరైన జవాబు, పంతొమ్మిదో సెకనులో తప్పుది. మంగళవారానివి, గురువారానివి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. ప్రతి క్విజ్‌లోనూ రెండు తప్పులో మూడు తప్పులో. ప్రతి తప్పుకూ ముందు ఒక ఒప్పు. గడువు ముగిసే ముందు పిల్ల జవాబు మార్చేస్తోంది. మార్చే ముందు ఆ పదిహేను సెకన్లూ ట్యాబ్ చూస్తూ ఒక్కతే కూర్చుని ఉంటోంది. తానేమో అదే గదిలో కిటికీ దగ్గర నిలబడి, సాయం చేయడం లేదని అందరికీ కనబడేలా సముద్రం వైపు చూస్తోంది.

మర్నాడు పొద్దున్న మామూలుగా పాఠం మొదలుపెట్టింది. పది గంటల వేళ ఫ్రాంకా తెచ్చుకున్న రొట్టె, జున్ను తింటున్నప్పుడు పక్కన చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కోప్పడటం లేదని ముందే చెప్పి, తాను చూసింది చెప్పింది. ఫ్రాంకా నమలడం ఆపేసింది.

"అది కనబడుతుందా?" అంది.

"కనబడింది. ఎందుకు తల్లీ అలా చేస్తున్నావు? ఆ రోజు ఎవడో ఏదో అన్నాడనా?"

"వాడి కోసం కాదు."

"మరి?"

ఫ్రాంకా రొట్టెను కాగితంలో చుట్టింది. మళ్ళీ విప్పింది. "పైనుంటే కిరీటం పెట్టి విడిగా నిలబెట్టేస్తారు టీచర్. కిందైతే పేర్లన్నీ పక్కపక్కనే ఉంటాయి."

నెదెల్కాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరి పక్కన అని అడిగింది.

"లొరేనా పక్కన. పసుపు స్వెటరు వేసుకొస్తుందే, ఆ పిల్ల. తను రెండు తప్పులు చేస్తుంది. ఒక్కోసారి మూడు. ప్రతి ప్రశ్న తర్వాతా పట్టిక వస్తుందిగా, చూసుకుని తర్వాతి ప్రశ్నకు నేనూ తప్పు చేస్తా. ఎప్పుడన్నా తప్పిపోతుంది. మొన్న పదకొండుకి పోయింది అందుకే."

"లొరేనాకు తెలుసా?"

"ఊహూఁ."

"మరి పక్కనుంటే ఏమవుతుంది?"

ఫ్రాంకా ఆమె వైపు చూసింది. ఇంత చిన్న విషయం టీచర్‌కు చెప్పాల్సి వస్తోందే అన్నట్టుంది ఆ చూపు. "ఏమీ అవదు. పక్కనుంటాం, అంతే." రొట్టె అంచు తుంచుతూ, "మీరు మాత్రం నాతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోరా?" అంది.

నెదెల్కా రొట్టె తినేయమని చెప్పి లేచి, అక్కర్లేకపోయినా పొయ్యిలో మరో కట్టె వేసింది.

ఆ పూటంతా ఆమెను తొలిచింది లొరేనా సంగతి కాదు. ఆ ఏడాది ఏప్రిల్లో ఒక ఆదివారం ఫ్రాంకా నాన్న వింకో ఆమె దగ్గరికి వచ్చాడు. వింకో కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, పాపను పట్నం బడిలో వేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. నెదెల్కా అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఒక పిల్లకు ఒక టీచర్ దొరకడం ఎంత అదృష్టమో, పట్నం బడుల్లో పేరు కూడా గుర్తుపెట్టుకోరని చెప్పింది. బాగా చెప్పింది. అన్నీ నిజాలే. చెప్పని నిజం ఒక్కటే. ఫ్రాంకా వెళ్ళిపోతే బడికి తాళం పడుతుంది, ఎనిమిదింటికి మెట్లు దిగి వెళ్ళడానికి తనకు చోటుండదు. వింకో కాఫీ తాగి, మీరు చెప్పాక ఇంకేముంది అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్న ఆమె రేవు పక్కన వాళ్ళింటికి వెళ్ళింది. ఫ్రాంకా అమ్మమ్మ దగ్గరికి పోయి ఉంది. సిల్వానా బంగాళాదుంపలు, ఆకుకూర ఉడకబెడుతోంది. వింకో వాకిట్లో రబ్బరు బూట్లకు అతుకు వేస్తున్నాడు. ఆమెను చూసి గబగబా లేచాడు. పిల్ల ఏమైనా తప్పు చేసిందా అని సిల్వానా భయపడింది.

నెదెల్కా జరిగింది చెప్పింది. రెండో సెకనులో ఒప్పు, పద్దెనిమిదో సెకనులో తప్పు. కిరీటం సంగతి, పేర్ల సంగతి. సిల్వానా పొయ్యి ఆర్పి, గరిటె చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇంట్లో గోడతో మాట్లాడుతుంటుంది టీచరుగారూ," అంది. "ఎవరే అంటే, ఎవరూ లేరు, లెక్కలు చేసుకుంటున్నానంటుంది."

"పిల్లను పట్నం పంపించెయ్ వింకో," అంది నెదెల్కా. "ఈ ఏడాది అయ్యేదాకా ఆగొద్దు. చలికాలం సెలవులు కాగానే పంపించు."

వింకో బూటును కింద పెట్టాడు. "పంపితే ఇక్కడ బడి ఉండదు కదా."

"ఉండదు."

"మా నాన్న చదివిన బడి. నేను చదివిన బడి. వింకో కూతురి వల్ల మూతపడిందని ఊరంతా అంటుంది. ఊరి సంగతి వదిలెయ్యండి. మీ మొహం నేనెలా చూడను?"

"ఏప్రిల్లో నువ్వొచ్చినప్పుడు నీకు నేను చెప్పిందంతా గుర్తుందా?"

"గుర్తుంది. నిజమేగా మీరు చెప్పింది."

"నిజమే. కానీ నీ కూతురి కోసం చెప్పలేదురా. నా కోసం చెప్పుకున్నాను."

వింకో బూటును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కేసి చూడకుండా, రేవు వైపు చూస్తూ, "మాకు తెలుసు టీచర్," అన్నాడు. సిల్వానా తల వంచుకుంది. తెలిసీ ఎందుకు ఊరుకున్నారని నెదెల్కా అడగలేకపోయింది. వాళ్ళూ చెప్పలేదు. సిల్వానా మూడు కంచాలు తీసి బల్ల మీద పెట్టింది. ముగ్గురూ బంగాళాదుంపలు, సార్డిన్ చేపలు తిన్నారు. పట్నంలో సిల్వానా చెల్లెలుంది, ఆమె ఇంట్లో ఒక గది ఖాళీ ఉంది, అక్కడి రొట్టెల కార్ఖానాలో పని దొరకొచ్చు, వింకో శనాదివారాలు వెళ్ళి రావచ్చు. ఇవన్నీ వాళ్ళు ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నవేనని మాటల్లో తెలిసిపోతోంది.

సెలవుల ముందు చివరి గురువారం రెనాటా తన తరగతికి కబురు చెప్పింది. జనవరి నుంచి ఫ్రాంకా బోర్డు మీద కాదు, మన గదిలోనే ఉంటుందని. పిల్లలు హుషారుగా అరిచారు. ఎవరి పక్కన కూర్చుంటావని రెనాటా అడిగింది. ఫ్రాంకా సన్నగా లొరేనా పేరు చెప్పింది. పసుపు స్వెటరు పిల్ల తల తిప్పి, కొంచెం ఆశ్చర్యపోయి, "నేను మియాతో కూర్చుంటాను కదా," అంది. చెడుగా అనలేదు. ఉన్న మాట అంది.

బోర్డు ఆపేద్దామని నెదెల్కా చెయ్యి ముందుకు చాచింది. ఫ్రాంకా పెట్టె మీద కదలకుండా నిలబడి, "పర్లేదు," అంది.

అప్పుడు మూడో వరస నుంచి పళ్ళూడిన పిల్ల ఒకతి చెయ్యెత్తింది. తన పక్కన ఖాళీ ఉందని, కాకపోతే బల్లకు ఆ వైపు కాలు ఊగుతుందని, రాసేటప్పుడు పట్టుకోవాలని చెప్పింది. ఫ్రాంకా కాసేపు ఆలోచించి, పట్టుకుంటానంది.

జనవరి పన్నెండున ఫెర్రీలో వాళ్ళు వెళ్ళారు. నెదెల్కా రేవుకు వచ్చి, ఎండు అత్తిపళ్ళ దండ ఒకటి సిల్వానా చేతికిచ్చింది. ఫ్రాంకా పై డెక్కు మీదికి ఎక్కేసి అటువైపు సముద్రం చూస్తోంది. మర్నాడు ఎనిమిదింటికి నెదెల్కా అలవాటుగా కిందికి దిగి, పొయ్యి వెలిగించి, అటెండెన్సు పుస్తకం తెరిచి కూర్చుంది. ఆ ఏడాది ముగిసేవరకూ బడి పుస్తకాలు, కుర్చీలు, పటాలు జాబితా రాసి అప్పగించే పని ఆమెకే వేశారు. బోర్డును ఫిబ్రవరిలో ఇంకో దీవి బడికి పట్టుకుపోయారు. అది ఉన్న చోట గోడ రంగు మిగతా గోడకంటే తెల్లగా ఉండేది. మధ్యాహ్నాలు ఆమె ఇప్పుడు కిందికి దిగేది కాదు.

వేసవి తర్వాత ఆమెకు పట్నంలో పని ఇచ్చారు. ఫ్రాంకా బడి కాదు, కొండ మీది మరో బడి. చదువులో వెనకబడిన పిల్లలకు మధ్యాహ్నాలు చెప్పాలి. ఒక పాత మేడలో మూడో అంతస్తులో గది అద్దెకు తీసుకుంది. పట్నంలో అంతమంది మనుషులున్నారు కాబట్టి దీవిలో కంటే తేలిగ్గా ఉంటుందనుకుంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు నమస్కారం చెప్పి దాటిపోయేవారు. దీవిలో ఆమె ఒంటరిగా ఉందని అందరికీ తెలిసేది. ఇక్కడ ఆ సంగతి తెలిసినవాళ్ళు కూడా లేరు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం సముద్రం ఒడ్డు బాటలో నడుస్తుంటే నలుగురు ఆడపిల్లలు ఐస్‌క్రీములు తింటూ ఎదురొచ్చారు. అందులో ఒకతి ఫ్రాంకా. పొడుగైంది, జుట్టు కత్తిరించుకుంది. "నమస్తే టీచర్," అని మర్యాదగా అంది. మిగతా ముగ్గురూ అన్నారు. నెదెల్కా బాగున్నావా అంది. బాగున్నానంది. దాటిపోయారు.

నెదెల్కా నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి పరుగు వినబడింది. ఫ్రాంకా ఒక్కతే వచ్చింది. ఐస్‌క్రీము మణికట్టు మీదికి కారుతోంది.

"టీచర్, మీరిప్పుడు ఎవరితో మాట్లాడతారు?"

పెద్దవాళ్ళెవరూ ఆమెను ఆ మాట అడగలేదు. పిల్లతో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నా గది పక్కన ఒక ముసలావిడ ఉంది," అంది. "ఆవిడకు చెవుడు. గట్టిగా అరవాలి. అరిస్తే పైవాళ్ళు నేల మీద తంతారు."

"మరి ఆవిడకు వినబడుతుందా?"

"సగం. మిగతా సగం ఆవిడే ఊహించుకుని జవాబు చెబుతుంది. నిన్న నేను టమాటాల ధర అడిగితే, తన పెళ్ళి సంగతి చెప్పింది."

ఫ్రాంకా నవ్వింది. అవతల నుంచి స్నేహితులు పేరు పెట్టి పిలిచారు. వెళ్ళమని నెదెల్కా చెయ్యి ఊపింది. ఫ్రాంకా రెండడుగులు వెనక్కి నడిచి, తిరిగి, పరుగెత్తింది. నలుగురూ చేపల బజారు మూల తిరిగేదాకా నెదెల్కా అక్కడే నిలబడింది. తర్వాత పక్క గది ముసలావిడకు కూడా పనికొస్తాయని రెండు రొట్టెలు కొనుక్కుని, మూడు అంతస్తుల మెట్లెక్కింది.